ముందు మీ నాన్నకు చెప్పు

చి. లావణ్యకు పెద్దనాన్న ఆశీస్సులు.

మీ నాన్న ఫోన్ చేసి "మా అమ్మాయి క్యాన్సర్‌కి మందు కనిపెడుతోంది అన్నయ్యా" అన్నాడు. పొంగిపోయాను, ఆ వెంటనే భయమూ వేసింది. నువ్వు చేసేది ఎం.ఫార్మసీ ప్రాజెక్టు, చిట్టెలుకల మీద నేలవేము సారం పరీక్ష. ఆ ముక్క ముందు వాడికి అర్థమయ్యేలా చెప్పు తల్లీ. లేకపోతే మన చుట్టాల్లో ఎవరో కీమో మానేసి కషాయం మొదలుపెడతారు.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చేదాకా ఒక్క ఎలుకనీ ముట్టుకోకు. మొక్కను బోటనీ వాళ్లకు చూపించి దాన్ని ఎండబెట్టి అతికించిన హెర్బేరియం షీటు భద్రం చెయ్యి. విషప్రభావం చూశాకే డోసు.

ఇక అసలు సంగతి. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు ఎర్లిచ్ అనే క్యాన్సర్ కణాలను చిట్టెలుకల పొట్టలోకి ఎక్కించి, మర్నాటి నుంచి సారాన్ని కూడా అదే పొట్టలోకి సూదితో ఇచ్చాడు. సారం ఇవ్వని కంట్రోల్ ఎలుకల పొట్టలు నీరు పట్టి బుడగల్లా ఉబ్బాయి. సారం ఇచ్చినవి సన్నగానే ఉన్నాయి. ట్రిపాన్ బ్లూ రంగు వేసి చూస్తే స్లయిడంతా నీలమే, అంటే చచ్చిన కణాలే. డిపార్ట్‌మెంటంతా స్వీట్లు పంచాడు పిచ్చి సన్నాసి! తర్వాత అదే సారం నోటి ద్వారా ఇస్తే ఏమీ లేదు. ఎందుకుంటుంది? కణాలున్న చోటే సారం పోస్తే గాజు పళ్లెంలో పరీక్ష చేసినట్టే. పేగు దాటి, కాలేయం దాటి రక్తంలో నిలిస్తే కదా తాగే మందయ్యేది. పైగా ఆ ఎలుకలు మేత సరిగా తినలేదు. తిండి తగ్గినా కణితి పెరుగుదల తగ్గుతుంది. మేత తూచిన లెక్క మాత్రం అతని నోట్‌బుక్‌లో ఎక్కడా లేదు. అందుకే నోటి ద్వారా కూడా ఇచ్చి చూడు. రోజూ మేత తూచు. పోల్చడానికి 5-ఫ్లోరోయురాసిల్ అనే క్యాన్సర్ మందు ఇచ్చే గుంపూ, సారం లేని ఉత్త ద్రావణం ఇచ్చే గుంపూ ఉండి తీరాలి.

ఫలితం రాలేదని ఏడవకు. కెనడాలో బిళ్ళగన్నేరు సారాన్ని షుగర్ తగ్గుతుందేమోనని ఎలుకలకిచ్చారు. షుగర్ తగ్గలేదు, ఎలుకలేమో ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. తెల్లరక్తకణాలు పడిపోయాయని పట్టుకున్నారు గనుకే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. కనపడిందల్లా రాసిపెట్టు.

చిన్నప్పుడు కోడిని కోస్తుంటే మా వెనక దాక్కునేదానివి, అదే నా దిగులు. బొచ్చు నిక్కబొడుచుకుని, వీపు వంచి మూలన ముడుచుకున్న ఎలుక బాధపడుతున్నట్టే లెక్క. ఎన్ని రోజులు బతుకుతుందో చూద్దామని దాన్ని ఉంచకు. కమిటీ ఒప్పుకున్న పద్ధతిలో ఆ పూటే ముగించు. ఆ రాత్రి నిద్రపట్టకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నోట్‌బుక్ పట్టుకురా. గ్రాఫులు తర్వాత చూస్తాను.

మీ పెద్దనాన్న