రోజుకు పది కిలోమీటర్ల ప్రయాణానికి తొమ్మిది లక్షల కారు అవసరమా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది నెల్లూరు, వేదాయపాళెం. నేను అకౌంటెంట్‌ను, నా భార్య టీచర్. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 82 వేలు. హోంలోన్ ఈఎంఐ 19,500తో కలిపి నెల ఖర్చు 60 వేల దాకా అవుతుంది. ఎఫ్‌డీల్లో 6 లక్షలున్నాయి. పాప వచ్చే జూన్‌లో ఇంటర్‌లో చేరుతుంది, ఫీజు లక్షా ఇరవై వేలు అంటున్నారు. బాబు ఐదో తరగతి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మాతోనే ఉంటుంది. నా ఆఫీసు, ఆవిడ స్కూలు రెండూ దర్గామిట్ట వైపే, రానూపోనూ పది కిలోమీటర్లు. ఆవిడ ఇప్పటిదాకా స్కూటీయే నడిపింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు కొనాలనుకున్నాం. మూడు చూశాం. చెన్నై రిజిస్ట్రేషన్‌తో 2021 మోడల్ డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ, 9 లక్షలు. 2019 బాలెనో సీవీటీ, 5.6 లక్షలు. 2019 వ్యాగనార్ ఏజీఎస్, 4.4 లక్షలు. నాకు ఎస్‌యూవీ మీద మనసుంది. మైలేజీ ఎక్కువ, అందరం సుఖంగా పడతాం. 3 లక్షలు మేము పెట్టుకుంటే మిగతా 6 లక్షలు ఐదేళ్లకు రూపాయి వడ్డీకే ఇప్పిస్తానని తెలిసిన ఫైనాన్స్ ఏజెంట్ చెప్పాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. ఎస్‌యూవీ చెడ్డ బండి అని కాదు. మీ ప్రయాణానికీ ఆ బండికీ పొత్తు కుదరదు, మీ జీతాలకూ ఆ అప్పుకూ అసలే కుదరదు. ముందు అప్పు సంగతే చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ ‘రూపాయి వడ్డీ’.

మన ఊళ్లలో నూటికి రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ కిందే లెక్క. కానీ ఊళ్లో అప్పు తెచ్చుకున్నప్పుడు అసలు కొంత తీరిస్తే వడ్డీ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఏజెంటు చెబుతున్నది ఫ్లాట్ వడ్డీ. అంటే 6 లక్షల మీద ఏడాదికి 72 వేల చొప్పున ఐదేళ్లకు 3.6 లక్షలు ముందే లెక్కకట్టి, మొత్తం 9.6 లక్షలను 60 నెలలకు పంచుతారు. నెలకు 16,000. అందులో 10 వేలు అసలు, 6 వేలు వడ్డీ. అరవయ్యో నెల వచ్చేసరికి మీరు బాకీ ఉండే అసలు పది వేలే, ఆ పది వేల మీద కూడా ఆ నెల 6 వేలు వడ్డీ కడతారు. బ్యాంకులు లెక్కకట్టే తగ్గే బాకీ పద్ధతిలో చూస్తే ఇది ఏడాదికి 20 శాతం పైమాటే. ఎవరు లోన్ ఇస్తామన్నా ‘ఫ్లాటా, రెడ్యూసింగా’ అని అడగండి. సూటిగా చెప్పకపోతే, నెలకు ఎంత, ఎన్ని నెలలు అని అడిగి గుణించుకోండి. అకౌంటెంటు కాబట్టి మీకది నిమిషం పని.

ఇప్పుడు ఇంటి లెక్క. 82 వేలలో ఖర్చులు పోగా మిగిలేది 22 వేలు. అందులో 16 వేలు కారు ఈఎంఐకి పోతే 6 వేలు మిగులుతాయి. ఇంధనం, ఇన్సూరెన్స్, సర్వీసు అందులోనే సర్దుకోవాలి. ఒక్క నెల ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా క్రెడిట్ కార్డు తీయాల్సిందే. ఇంటర్ రెండో ఏడాది ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది?

డీజిల్ ఆదా అవుతుందంటారు, అదీ చూద్దాం. స్కూలు, ఆఫీసు, ఆదివారం షికారు, ఎప్పుడైనా తిరుపతి అన్నీ కలిపినా మీరు నెలకు 500 కిలోమీటర్లు దాటరు. ఏడాదికి 6 వేలు. ఊళ్లో పెట్రోల్ ఆటోమేటిక్ లీటరుకు 14 ఇస్తుందనుకుంటే, లీటరు 110 రూపాయల లెక్కన ఏడాదికి 47 వేలు. డీజిల్ బండి 17 ఇచ్చి, లీటరు 97 అనుకుంటే 34 వేలు. తేడా 13 వేలు. ఐదేళ్లకు 65 వేలు మిగుల్చుకోవడానికి 3.6 లక్షలు వడ్డీ కడుతున్నారన్నమాట.

ఆ 65 వేలు కూడా చేతికి వస్తాయన్న నమ్మకం నాకు లేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కొత్త కాలుష్య నిబంధనలతో వచ్చిన డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. అది హైవే మీద కాసేపు ఆగకుండా నడిస్తేనే జరుగుతుంది. వేదాయపాళెం నుంచి దర్గామిట్టకు ఐదు కిలోమీటర్లు, మధ్యలో సిగ్నళ్లు. ఇంజన్ వేడెక్కేలోపే స్కూలు వచ్చేస్తుంది. రోజూ ఇదే తంతు అయితే ఫిల్టర్ మసితో పూడిపోయి, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. శుభ్రం చేయించడంతో పోతే సరే. మార్చాల్సి వస్తే లక్ష దాటవచ్చు. రోజూ చెన్నైకో విజయవాడకో తిరిగేవారికి డీజిల్ మంచిదే. మీకు కాదు.

పైగా అది చెన్నై బండి. మన పేరు మీదికి తేవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం రావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ ఖర్చు 9 లక్షల్లో లేదు. దానికన్నా పెద్ద భయం నీళ్లది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచినప్పుడు అక్కడ ఎన్నో కార్లు నీళ్లలో నిలబడ్డాయి. ఇది 2021 బండి, అంటే అప్పటికి అది రోడ్డు మీదే ఉంది. మునిగిన బండిని శుభ్రం చేసి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మితే మామూలు కంటికి ఆనదు. ఆటోమేటిక్ బండిలో గేరు మార్పిడి అంతా ఎలక్ట్రానిక్స్ చేతుల్లో ఉంటుంది కాబట్టి నీరు తగిలితే నష్టం ఇంకా ఎక్కువ, ఒక్కోసారి ఏడాది తర్వాత బయటపడుతుంది.

ఇక మిగిలింది రెండు. బాలెనోలోని సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్, నడపడానికి హాయిగా ఉంటుంది. గేరు మారినట్టే తెలియదు. కొత్తగా స్టీరింగ్ పట్టుకునే మీ ఆవిడకు ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో టెన్షన్ ఉండదు. కానీ సీవీటీ గేర్‌బాక్స్ పాడైతే బాగుచేసేవాళ్లు తక్కువ, బిల్లు లక్ష దాటే ప్రమాదముంది. వ్యాగనార్‌లోని ఏజీఎస్, అంటే ఏఎంటీ, మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మన బదులు యంత్రం చేస్తుంది. మొదటి గేరు నుంచి రెండో గేరుకు వెళ్లేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, వారం నడిపితే అలవాటవుతుంది. క్లచ్ అరిగితే మార్చుకోవచ్చు, ఆ ఖర్చు వేలల్లోనే ఉంటుంది. పాత బండి కొనేటప్పుడు నేను చూసేది ఇదే: అన్నిటికన్నా ఖరీదైన భాగం పోతే ఈ ఇల్లు తట్టుకోగలదా? వ్యాగనార్ అయితే తట్టుకోగలరు.

మీ అమ్మగారిని మరిచిపోకండి. రెండు బండ్ల దగ్గరికీ ఆవిడను తీసుకెళ్లి ఎక్కించి దించండి. బాలెనో సీటు కిందికి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులోంచి లేవడానికి తలుపు పట్టుకుని బరువంతా చేతుల మీద వేస్తారు. వ్యాగనార్ సీటు ఎత్తుగా ఉంటుంది, పక్కకు తిరిగి కాలు కింద పెడితే చాలు. నెలకోసారి ఆస్పత్రికి వెళ్లే మనిషికి ఇది చిన్న విషయం కాదు. నా ఓటు వ్యాగనార్‌కే.

దాని లోపం కూడా చెప్పాలి. 2019లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో వ్యాగనార్‌కు ఐదింటికి రెండు స్టార్లే వచ్చాయి. ఊళ్లో నలభై స్పీడులో తిరగడానికి నాకు అభ్యంతరం లేదు. హైవే ప్రయాణాలు ఎక్కువయ్యేలా ఉంటే 2020 తర్వాతి టియాగో ఏఎంటీ కూడా వెతకండి, ఆ ఏడాది టెస్టులో దానికి నాలుగు స్టార్లు వచ్చాయి. అదీ ఇదే ధరల్లో దొరికే బండే.

కానీ 4.4 లక్షలకు వ్యాగనార్ కొనొద్దు. ‘నేను కొన్నప్పుడు ఇంతైంది’ అని ఓనరు అప్పటి బిల్లు చూపిస్తాడు. ఆ బిల్లుకు ఇప్పుడు విలువ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, పైన సెస్ పోయి 18 శాతానికి దిగింది. కొత్త వ్యాగనార్ బేస్ మోడల్ ఎక్స్-షోరూం ధర 5 లక్షల లోపుకు వచ్చింది. కొత్తది తగ్గితే పాతదీ తగ్గాలి కదా. బేరానికి వెళ్లేముందు షోరూంలో కొత్త ఏజీఎస్ ఆన్-రోడ్ కొటేషన్ కాగితం మీద తీసుకుని జేబులో పెట్టుకోండి. 3.8 లక్షలు నా దృష్టిలో న్యాయమైన ధర. 4 దాటితే లేచి వచ్చేయండి. అప్పుడు కొత్త బండే నయం. ఆన్-రోడ్ 7 లక్షల దగ్గర అవుతుందనుకుంటే, 4 లక్షల లోను 9 శాతానికి ఐదేళ్లకు నెలకు 8,300. ఏజెంటు చెప్పిన 16 వేలలో దాదాపు సగం, పైగా కంపెనీ వారంటీ ఉంటుంది.

పాతదే కుదిరితే డబ్బు ఇలా సర్దుకోండి. 6 లక్షల్లో పాప ఫీజు 1.2 లక్షలు ముందే పక్కన పెట్టండి. మూడు నెలల ఇంటి ఖర్చు 1.8 లక్షలు ముట్టుకోవద్దు. మిగిలిన 3 లక్షలు మీ వాటా. బండికి 3.8, పేరు మార్పుకూ ఇన్సూరెన్స్‌కూ టైర్లకూ మొదటి సర్వీసుకూ మరో 50 వేలు, మొత్తం 4.3. తక్కువయ్యే 1.3 లక్షలు బ్యాంకులో 13 శాతానికి రెండేళ్లకు తీసుకున్నా నెలకు 6,200 లోపే, మొత్తం వడ్డీ 18 వేల పైచిలుకు. బాబు ఏడో తరగతి పూర్తయ్యేసరికి అప్పు తీరిపోతుంది.

బండిని ఉదయాన్నే చూడండి, అదీ మీరు వెళ్లాకే స్టార్ట్ చేయమని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే మీకంటే ముందే స్టార్ట్ చేశారన్నమాట, ఇంకోరోజు రండి. బ్రేకు మీద కాలుంచి గేరు లివర్‌ను డీ (ముందుకు) నుంచి ఆర్ (వెనక్కి)కు, ఆర్ నుంచి డీకి నాలుగైదుసార్లు మార్చండి. దెబ్బ తగిలినట్టు శబ్దం వచ్చినా, గేరు పడటానికి ఆలస్యమైనా అనుమానించాలి. నెల్లూరు చదునైన ఊరు, ఎత్తు మీద పరీక్షించాలంటే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి దగ్గరికి తీసుకెళ్లండి. పైకెక్కే దారిలో ఆపి, మళ్లీ కదిలించండి. ఏఎంటీ బండి కొంచెం వెనక్కి జారడం మామూలే. యాక్సిలరేటర్ తొక్కినా ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే, మాడు వాసన వస్తే క్లచ్ అయిపోయినట్టే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

తర్వాత సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద మట్టి గీత ఉంటే బండి నీళ్లు చూసినట్టే. సీటు కింది బోల్టులకు తుప్పు, స్పేర్ టైరు గుంటలో ఒండ్రు కూడా చూడండి. చెన్నై ఒక్కటే కాదు, నవంబరు, డిసెంబరు వానలకు మన అండర్‌బ్రిడ్జీల్లో నిలిచే నీళ్లు మీకు తెలియనివి కావు. టైరు మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3219 అంటే 2019లో 32వ వారం తయారీ. టైర్లు బండితోపాటు వచ్చినవే అయితే గీతలు ఎంత బాగున్నా మార్చాల్సిన వయసు వచ్చేసింది. మీటరు మీద కిలోమీటర్లు నమ్మకుండా, బండి నంబరుతో కంపెనీ సర్వీసు సెంటర్లో రికార్డు అడిగించండి, ఓనరును పక్కనే ఉంచుకుని. మీకు నమ్మకమున్న మెకానిక్‌కు వెయ్యో రెండు వేలో ఇచ్చి లిఫ్ట్ మీద పెట్టించి చూపించండి. పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ వాళ్లు తొందరపెడితే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి.

కాగితాల్లో, ఆర్‌సీ మీద పాత ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఆర్‌సీలో ఆ అప్పు కొట్టేయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చలాన్లు, ఇన్సూరెన్స్ గడువు చూసుకోండి. ఏపీ 26 అంటే నెల్లూరు బండి అని పాతవాటికి చెప్పొచ్చు. 2019 నుంచి రాష్ట్రమంతటా ఏపీ 39 ఇచ్చారు కాబట్టి నంబరు చూసి మన ఊరి బండే అనుకోకుండా ఆర్‌సీలో అడ్రసు చదవండి. పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30ల మీద ఓనరు సంతకాలు మీ ఎదుటే జరగాలి. పేరు మార్పు మేమే చూసుకుంటామని ఖాళీ ఫారాలు చేతిలో పెడితే ఒప్పుకోకండి.

ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోగా మీ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు ఇవ్వండి. లేకపోతే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ తిరస్కరించే వీలుంటుంది. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో పాత ఓనరుకు ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఆయనదే, మీకు రాదు. అందుకే ప్రీమియం ఆయన కట్టినదానికన్నా ఎక్కువ ఉంటుంది, 50 వేలలో అదీ కలిపాను. ఈ వయసు బండికి ఇంజన్ ప్రొటెక్షన్ ఇస్తారేమో రెండు మూడు కంపెనీలను అడగండి. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజన్ పాడైతే మామూలు పాలసీ ఆ డబ్బివ్వదు. ఈ సంగతి మీ ఆవిడకు కూడా చెప్పండి: నీళ్లలో ఆగిపోతే తాళం తిప్పకుండా దిగిపోవాలి.

చిన్న దూరాలు పెట్రోల్ ఇంజన్‌కూ అంత మంచివి కావు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆయిల్లో తేమ మిగులుతుంది, బ్యాటరీ నిండుగా ఛార్జ్ అవదు. కిలోమీటర్లు కాలేదని సర్వీసు వాయిదా వేయకుండా ఏడాదికోసారి ఆయిల్ మార్పించండి. వారానికోసారి అమ్మగారిని జొన్నవాడ అమ్మవారి గుడికో, పిల్లలను మైపాడు బీచ్‌కో తీసుకెళ్లండి, బండికి ఆ పరుగు చాలు.

బేరం ఎక్కడ తెగిందో, మెకానిక్ ఏం చెప్పాడో రాయండి. లోను కాగితాల మీద సంతకం పెట్టేముందు అందులోని వాయిదాల షెడ్యూలు పంపితే నేను చూసి చెబుతాను.