ఫొటోలూ పెయింటింగులూ మనిషి సంతోషాన్ని వెతుక్కోవడాన్ని ఎలా చూపిస్తాయి?

నేను ఆర్టు చదువుకున్నవాణ్ణి కాదు. మా నాన్నకు రాజోలు దగ్గర చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పదో తరగతి దాకా నా సాయంత్రాలన్నీ డార్క్ రూములో, ఎర్రబల్బు కింద, ఫొటోలు కడిగే హైపో మందు వాసనలోనే గడిచాయి. కాబట్టి చిత్రకారుడు వాన్ గో చెవి కోసుకున్న కథ చెప్పి సరిపెట్టేవాళ్ళకన్నా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకే ఎక్కువని నా గట్టి నమ్మకం.

నన్నడిగితే ఫొటో సంతోషాన్ని వెతకదు. మేం బాగానే ఉన్నామని సాక్ష్యం రాయించుకోవడానికే జనం ఫొటో దగ్గరికి వస్తారు. వెతికే పని కుంచెది.

మా స్టూడియోలో వెనకాల ఒక తెర ఉండేది. సైకిల్ షాపులకూ కిరాణా కొట్లకూ బోర్డులు రాసే ఆర్టిస్టు వేశాడు. మంచుకొండలు, దేవదారు చెట్లు, సరస్సు, అందులో జంట హంసలు. తలుపు తీస్తే బయటంతా కొబ్బరితోటలు, పంటకాలవ. నాన్న జన్మలో విజయవాడ దాటి వెళ్ళలేదు, ఆర్టిస్టు అంత దూరం కూడా వెళ్ళలేదు. అయినా కొత్తగా పెళ్ళయిన ప్రతి జంటా ఆ హంసల పక్కనే నిలబడేది. కొబ్బరిచెట్ల కింద తీస్తానంటే ఒక్కరూ ఒప్పుకునేవారు కాదు. "అవి ఇంటి దగ్గరున్నవే కదండీ" అనేవారు.

1994లో అనుకుంటా, ఒక ముసలావిడ నాలుగేళ్ళ మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల తల్లి కువైట్‌లో ఎవరింట్లోనో వంటపనికి వెళ్ళి రెండేళ్ళయింది. కోనసీమలో ఇది వింతేం కాదు, మా వీధిలోంచే నలుగురు ఆడవాళ్ళు అలా వెళ్ళారు. "నువ్వూ నేనూ పాపా కలిసున్న ఫొటో పంపమ్మా" అని ఆ అమ్మాయి ఉత్తరం రాసిందట. ముగ్గురూ కలిసి తీయించుకున్నది ఒక్కటీ లేదు. ముసలావిడ కొంగుముడి విప్పి పాస్‌పోర్టు సైజు ఫొటో బయటికి తీసింది.

అప్పట్లో జాయింట్ ఫొటో అంటే మౌసుతో అయ్యే పని కాదు. నాన్న ముందు అమ్మమ్మనీ మనవరాలినీ తెర ముందు కూర్చోబెట్టి తీశాడు. తల్లి ఫొటోను ఆ కొలతకు పెద్దది చేసి, బ్లేడుతో అంచు వెంట కత్తిరించి, వాళ్ళ వెనక నిలబడ్డట్టు అతికించాడు. దాన్ని మళ్ళీ ఫొటో తీసి, అతుకు కనబడకుండా టచింగ్ చేశాడు. వారం పట్టింది.

ముసలావిడ చూసి, "బాగానే ఉంది గానీ బాబూ, పోలీసుటేషన్లో నిలబెట్టినట్టుందండి మా పిల్ల. కాస్త నవ్వించండి" అంది.

అది నాన్న వల్ల కాలేదు. బోర్డుల ఆర్టిస్టుకు కబురు వెళ్ళింది. మూరెడేసి అక్షరాలు రాసే చెయ్యి అది. సన్న కుంచెలో నాలుగు వెంట్రుకలు ఉంచి మిగతావి కత్తిరించేసి, పెదాల చివర్లు కాస్త పైకి లేపాడు. మర్నాడు ముసలావిడ తల అడ్డంగా ఊపింది. "ఇది దాని నవ్వు కాదండి. అది నవ్వితే ఎడం బుగ్గన సొట్ట పడద్ది." సొట్ట పెట్టాడు. "అటు కాదు, ఇటు." ఎడమంటే చూసేవాళ్ళ ఎడమా, ఆ అమ్మాయి ఎడమా అని ఇద్దరూ చాలాసేపు తగువులాడుకున్నారు. చివరికి ఆవిడ విసిగిపోయి ఆర్టిస్టుకు ఎదురుగా కూర్చుని, అతని చెంప మీదే వేలు పెట్టి నొక్కి, "ఇదిగో, ఇక్కడ" అంది.

మీరడిగిన వెతుకులాటను నేను కళ్ళారా చూసింది అక్కడే. పాస్‌పోర్టు ఫొటో తీసినప్పుడు ఆ అమ్మాయి నవ్వలేదు, కాబట్టి కెమెరా దగ్గర ఆ సొట్ట లేదు. ముసలావిడ జ్ఞాపకంలోంచి కుంచె దాన్ని వెతికి తెచ్చుకోవాల్సి వచ్చింది.

పారిస్‌లో నడివీధి ముద్దు ఫొటో ఒకటుంది కదా, 1950లో రాబర్ట్ డ్వానో తీసింది. ఆ జంట దారినపోయేవాళ్ళు కాదు, నటన నేర్చుకుంటున్నవాళ్ళని, ఆయనే నిలబెట్టి తీశాడని 1990ల్లో కోర్టు గొడవలో బయటపడితే లోకమంతా మనసు నొచ్చుకుంది. స్టూడియోలో పెరిగినవాడికి అందులో నొచ్చుకోడానికేముంది? ప్రతి పెళ్ళి ఆల్బమూ అంతే. ఇప్పుడైతే ప్రీ వెడ్డింగ్ షూట్లని చెప్పి మరీ దారుణం. మొన్న మా బంధువులబ్బాయి డ్రోనుకే నలభై వేలు పోశాడు. పెళ్ళికూతురు పొద్దున్నుంచీ అన్నం తినలేదు, అయినా పద్దెనిమిదిసార్లు పరుగెత్తించారు.

వాన్ గో దగ్గర చూడాల్సింది చెవి కాదు, బాదం పూలు. తమ్ముడికి కొడుకు పుట్టాడని తెలిసి, 1890 ఫిబ్రవరిలో, సెయింట్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఉంటూ, వాళ్ళ పడకగదిలో పెట్టుకోడానికని వేశాడు. నీలం ఆకాశం మీద తెల్లటి పూలకొమ్మలు. జులైలో చనిపోయాడు. ఆ ఫిబ్రవరిలో ఆయన్ని ఫొటో తీసి ఉంటే ఆ పూలు అందులో ఎక్కడ దొరికేవి?

అంతదూరం ఎందుకు, రాజమండ్రి వెళ్ళినప్పుడు గోదావరి గట్టు మీద సెల్ఫీలు అయ్యాక చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీలోకి కూడా ఒకసారి తొంగి చూడండి. 28 ఏళ్ళు నిండకుండానే, 1925లో మశూచితో పోయాడు. ఆయన బొమ్మల్లో 'సిద్ధార్థ రాగోదయం' ఒకటి. రేపు అన్నీ వదిలేసి పోబోయే మనిషికి మనసులో ప్రేమ పుట్టిన ఘడియ. అది ఏ కెమెరాకు దొరుకుతుంది చెప్పండి.

కువైట్ నుంచి జవాబు మూడు నెలలకు వచ్చింది. ముసలావిడకు చదువు రాదు, నేనే చదివి పెట్టాను. ఫొటో అందింది, పాప పెద్దదయింది, జ్వరాలేమీ లేవు కదా అని రాసింది. తన నవ్వు గురించి ఒక్క ముక్క లేదు. ఆఖర్న మాత్రం, "ఈసారి ఎనకాల ఆ కొండలొద్దమ్మా, మన కాలవ గట్టూ కొబ్బరిచెట్లూ ఉండేలా తీయించు" అని ఉంది.

బయట తీస్తే ఎండకు పిల్ల కళ్ళు చిట్లిస్తుందని నాన్న గొడవ. కొత్త తెర వేయిద్దామంటే గుడ్డ ఖర్చు. ఆర్టిస్టును పిలిపించి ఆ మంచుకొండల ముందే మూడు కొబ్బరిచెట్లు వేయించాడు. ఒక హంస చెట్టు మొదలు కిందికి పోయింది. ఆ తర్వాత పెళ్ళి జంటలు వస్తే, మిగిలిన ఒంటి హంస కనబడకుండా కుర్చీలు కాస్త పక్కకు జరిపేవాడు.