టెక్ సందేహాలు: ఊరికే వచ్చిన త్రీడీ మోడల్

ఫ్యాషన్ డిజైనింగ్ చదివే పిల్లల నుంచి, బొటిక్‌లు నడిపేవారి నుంచి త్రీడీ మోడల్స్ మీద ఉత్తరాలు కుప్పగా వస్తున్నాయి. సగానికి పైగా ఒకే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక ఈ వారం శీర్షిక మొత్తం వారికే ఇచ్చేస్తున్నాను. త్రీడీ బొమ్మలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌ను ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, మోడల్‌ను ఎలా తిప్పాలి వంటివి ఇక్కడ చెప్పను. అవి నేర్పే తెలుగు వీడియోలు కావలసినన్ని ఉన్నాయి.

ప్రశ్న: స్కెచ్‌ల కోసం భంగిమలు మార్చుకోగల అమ్మాయి మోడల్ ఒకటి టెలిగ్రామ్ గ్రూపులో ఉచితంగా దొరికింది. బ్లెండర్‌లో తెరిస్తే, ‘ఈ ఫైలులోని స్క్రిప్టులను ఆపాం, నడవనివ్వాలా’ అని అడుగుతోంది. ఒప్పుకుంటేనే చేతులు, కాళ్లు కదిలించే మీటలు పనిచేస్తాయని సీనియర్లు చెబుతున్నారు. నొక్కవచ్చా? (బ్రాడీపేట, గుంటూరు)

నొక్కకండి. ఇప్పటికే నొక్కేసి ఉంటే ఈ జవాబులో చివరి పేరా ముందు చదవండి.

మీ సీనియర్లు అబద్ధం చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది. బ్లెండర్ ఫైలులో మోడల్‌తో పాటు పైథాన్ స్క్రిప్టులు, అంటే పైథాన్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాములు కూడా దాచవచ్చు. భంగిమ మార్చడానికి మోడల్‌కు అమర్చే ఎముకలు, మీటల చట్రాన్ని రిగ్ అంటారు. శ్రద్ధగా తయారుచేసిన రిగ్‌లలో మోచేయి, మోకాలు, మెడ కదిలించే మీటలు తెర మీద కనిపించాలంటే నిజంగానే ఆ స్క్రిప్టు నడవాలి. అంటే మంచి ఫైలూ అదే అనుమతి అడుగుతుంది, దొంగ ఫైలూ అదే అడుగుతుంది. పది మంచి ఫైళ్లకు ‘సరే’ నొక్కి అలవాటైన వేలు పదకొండోదానికి ఆగదు. జేపీజీ బొమ్మను తెరిచినంత ధీమాగా ఈ ఫైళ్లను తెరుస్తున్నారు. మీరు తెరుస్తున్నది ఎవరో ముక్కూ మొహమూ తెలియని మనిషి రాసిన ప్రోగ్రాము కావచ్చు. అది మీ కంప్యూటర్‌లో, మీకున్న అధికారాలన్నిటితో నడుస్తుంది.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2025 నవంబరులో భద్రతా పరిశోధకులు బయటపెట్టిన ఉదంతం అచ్చంగా ఇదే. మోడల్స్ పంచుకునే సైట్లలో పెట్టిన బ్లెండర్ ఫైళ్లలో రిగ్ స్క్రిప్టు ముసుగులో దొంగ కోడ్ ఉంది. స్క్రిప్టులు వాటంతటవే నడిచేలా అమర్చుకున్న కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే చాలు, అది ఇంటర్‌నెట్ నుంచి ‘స్టీల్‌సీ’ అనే సమాచార చోరీ ప్రోగ్రామును దించుకుంటుంది. ఆ తర్వాత తెర మీద ఏమీ జరగదు. మోడల్ చక్కగా తెరుచుకుంటుంది, మీరు చక్కగా స్కెచ్ వేసుకుంటారు. ఈలోగా బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు ఊరు దాటిపోతాయి. ఈ కుకీల సంగతి చాలామందికి తెలియదు. మీరు ఒకసారి లాగిన్ అయ్యారని సైటు గుర్తుపెట్టుకునే ఆధారం అది. అది దొంగ చేతికి చిక్కితే చాలాచోట్ల పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అడగదు. ‘నాకు టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంది కదా’ అనే భరోసా ఇక్కడ పూర్తిగా నిలబడదు. బొటిక్ ఆర్డర్లన్నీ ఒక్క ఇన్‌స్టాగ్రామ్ పేజీ మీద నడిపేవారికి ఆ పేజీ పోవడమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

బ్లెండర్ తనంతట తాను స్క్రిప్టులను నడపదు. ఆ అమరిక మొదటి నుంచి ఆపే ఉంటుంది, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ అనుమతి అడిగే చిన్న కిటికీలోనే ‘ఇకపై ఎప్పుడూ అనుమతించు’ అనే గడి కూడా పెట్టారు. విసుగెత్తిన విద్యార్థి అర్ధరాత్రి దాన్ని టిక్ చేయకుండా ఉంటాడని ఏ ధైర్యంతో అనుకున్నారో! హెచ్చరిక పెట్టేశాం, ఇక మీ ఇష్టం అని చేతులు దులుపుకునే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చదు. ముందు మీరు చేయవలసింది ప్రిఫరెన్సెస్‌లో సేవ్ అండ్ లోడ్ విభాగం తెరిచి, పైథాన్ స్క్రిప్టులు ఆటో రన్ అయ్యే గడిలో టిక్ ఉంటే తీసేయడం. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లలో కూడా చూడండి. అక్కడ ఎవరు ఎప్పుడు టిక్ పెట్టి వెళ్లారో ఎవరికీ తెలియదు.

ఇక మోడల్స్ సంగతి. ఓబీజే, జీఎల్‌బీ అనే ఫైలు రూపాల్లో దొరికేవి తీసుకోండి. వాటిలో ఆకారం, రంగులు, చిత్రాల వంటి డేటా ఉంటుంది తప్ప బ్లెండర్ నడిపే స్క్రిప్టు ఉండదు. ఓబీజేలో ఎముకల అమరిక రాదు కాబట్టి భంగిమ మార్చడం కుదరదు. జీఎల్‌బీలో ఎముకలు కూడా వస్తాయి, స్కెచ్ కోసం చేయి ఎత్తడానికి, నడుము వంచడానికి అది చాలు. ఇంకా మంచి దారి మేక్‌హ్యూమన్. ఉచిత సాఫ్ట్‌వేర్, మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, వయసు, ఎత్తు, ఒళ్లు, కొలతలు మార్చుకుంటూ మీకు కావలసిన మనిషిని మీరే తయారుచేసుకోవచ్చు. అందులోంచి ఎగుమతి చేసిన మోడల్ సీసీ0 కింద వస్తుంది, అంటే అమ్ముకునే పనికి వాడినా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంత చక్కటిది చేతిలో పెట్టుకుని టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎందుకు వెతుకుతున్నారో నాకు అర్థం కాదు.

ఆ గ్రూపుల నుంచి వచ్చే జిప్ ఫైళ్ల గురించి ఒక మాట. పాస్‌వర్డ్ పెట్టిన జిప్, పక్కనే ‘యాంటీవైరస్ ఆపేసి తెరవండి’ అనే సూచన ఉంటే అది అక్కడికక్కడే తొలగించాల్సిన సరుకు. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది యాంటీవైరస్ లోపలికి చూడకుండా ఉండేందుకే. లోపల ‘మోడల్.ఓబీజే’ అని కనిపించేది నిజానికి ‘మోడల్.ఓబీజే.ఎస్‌సీఆర్’ కావచ్చు. ఎస్‌సీఆర్ అంటే స్క్రీన్‌సేవర్, అంటే నడిచే ప్రోగ్రాము. మనలో ఎక్కువమంది వాడే కంప్యూటర్లు ఫైలు పేరులోని ఆ చివరి ముక్కను మొదటి నుంచీ దాచేస్తాయి, చూడడానికి శుభ్రంగా ఉంటుందని. దశాబ్దాలుగా దొంగలకు ఇంతకన్నా పెద్ద సాయం ఎవరూ చేయలేదు. సెట్టింగ్స్‌లో ఫైలు ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా ఈరోజే మార్చుకోండి.

నొక్కేసినవారు: ముందు ఆ కంప్యూటర్‌కు నెట్ ఆపండి. వేరే ఫోను నుంచి గాని, వేరే కంప్యూటర్ నుంచి గాని మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ‘అన్ని పరికరాల నుంచి లాగ్ అవుట్’ చేయండి. పాస్‌వర్డ్ మార్చి ఈ పని వదిలేస్తే దొంగ దగ్గరున్న కుకీ ఇంకా బతికే ఉండవచ్చు. తర్వాత బ్యాంకు, ఇన్‌స్టాగ్రామ్, మిగతావి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. కంప్యూటర్‌ను మొత్తం తుడిచి ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కించాకే వాడండి. ‘యాంటీవైరస్‌తో స్కాన్ చేశాను, ఏమీ రాలేదు’ అని నాకు మళ్లీ రాయకండి.

ప్రశ్న: మంగళగిరి చీర కట్టిన మోడల్ చేద్దామని, షీటును నిజం బట్టలా వాలేలా చేసే క్లాత్ సిమ్యులేషన్ పెట్టాను. చీర రబ్బరు షీటులా సాగి, కుచ్చిళ్లు ఒకదానిలోంచి ఒకటి దూరిపోతున్నాయి. అంచు అడ్డంగా వస్తోంది. ఏం చేయాలి? (మంగళగిరి)

నాలుగు తప్పులున్నాయి. బ్లెండర్‌లో బట్ట తనను తాను తాకినప్పుడు ఆగే సెల్ఫ్ కొలిజన్ అమరిక మొదట ఆపి ఉంటుంది, అది ఆన్ చేయకపోతే కుచ్చిళ్లు అలాగే కలిసిపోతాయి. షీటులో గళ్లు పలచగా ఉంటే సన్నటి మడత పడదు, ఇంకా చిన్న గళ్లుగా విడగొట్టండి. రబ్బరులా సాగకుండా బట్ట రకం కూడా సరిచూసుకోవాలి, అందుకు రెడీగా ఉండే అమరికలు కాటన్, డెనిమ్, లెదర్, రబ్బర్, సిల్క్ మాత్రమే. కాటన్‌తో మొదలుపెట్టి, జరీ అంచు భాగానికి విడిగా బిగువు పెంచండి. అంచు అడ్డం తిరగడం యూవీ మ్యాపింగ్ లోపం, అంటే చిత్రాన్ని షీటు మీద అతికించే తీరులో లోపం. నిజాం బోర్డర్ చీర పొడవునా రెండు వైపులా తిన్నగా పోవాలి కాబట్టి, చీరను మడతపెట్టక ముందే, ఐదున్నర మీటర్ల పొడవున చదునైన షీటుగా ఉన్నప్పుడే చిత్రం అతికించాలి.

అంతవరకు మీ ప్రశ్నకు జవాబు. కానీ అసలు కోపం వేరే ఉంది. త్రీడీ దుస్తుల సాఫ్ట్‌వేర్లు, వేలకు వేలు చందా కట్టించుకునేవి సైతం, బట్ట అంటే ముక్కలుగా కత్తిరించి కుట్టేది అనే ఒక్క ఆలోచన మీదే కట్టారు. ఒక పక్క పేటర్న్ ముక్కలు, వాటి అంచులు కలిపే కుట్టు గీతలు, ఇంకో పక్క బొమ్మకు తొడిగిన చొక్కా. చీరలో కత్తిరింపు లేదు, కుట్టు లేదు. లంగా బొందులో దోపడం, చుట్టడం, మడిచి పిన్ను పెట్టడం మీద అది నిలబడుతుంది. ఈ పనిని దృష్టిలో పెట్టుకుని చేసిన పరికరాలు అక్కడ అరుదు. రెడీమేడ్ దుస్తుల జాబితా తెరవండి, జీన్స్, హుడీలు తెగ ఉంటాయి. చీర అని వెతికితే ముందు కుచ్చిళ్లు కుట్టేసిన స్కర్టుకు ఒక గుడ్డపేలిక తగిలించి చూపిస్తారు. పైట భుజం మీద ఎంత బరువుతో వాలుతుందో, కొంగు జరీ బరువుకు ఎలా నిటారుగా దిగుతుందో తెలియనివాళ్లు, ఆ కొంగును ఒక్కసారైనా చేత్తో పట్టుకోనివాళ్లు తయారుచేశారని చూడగానే తెలిసిపోతుంది. గుంట మగ్గం మీద నేసిన చీరకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊళ్లో కూర్చుని మీరు రబ్బరు అమరికతో కుస్తీ పడుతున్నారు.

అందుకని నా సలహా, సిమ్యులేషన్ మానేయండి. మీరు చేస్తున్నది ఇలస్ట్రేషన్. మోడల్‌ను భంగిమ కోసం, వెలుగు ఎటు పడుతోందో చూడడం కోసం వాడుకుని, చీరను దాని మీద చేత్తో గీయండి. ఇంట్లో ఎవరైనా చీర కట్టుకుని నిలబడితే ఒక గంట చూసి గీస్తే వచ్చే కుచ్చిళ్లు ఏ సాఫ్ట్‌వేరూ ఈరోజుకు ఇవ్వడం లేదు.

ప్రశ్న: పెళ్లికూతుళ్ల ఫొటోలు పెడితే వారి ఒంటి త్రీడీ మోడల్ చేసి ఇచ్చే యాప్ ఉంది. బ్లౌజు, లెహంగా డిజైన్ ఆ మోడల్ మీద వేసి చూపిద్దామనుకుంటున్నాను. మంచిదేనా? (లబ్బీపేట, విజయవాడ)

ఒంటికి అతుక్కునే దుస్తుల్లో, ముందు నుంచి, పక్క నుంచి ఫొటోలు అడిగే యాప్‌లు ఇవి. ఆ ఫొటోలు ఎవరి సర్వర్‌కు వెళ్తాయో, ఎంతకాలం ఉంటాయో, దేనికి వాడుకుంటారో షరతుల్లో ఎక్కడో ముప్పయ్యో పేరాలో ఉంటుంది. మీరు చదవరు, మీ కస్టమర్‌కు అది ఉందనే తెలియదు. మీ మొహం చూసి నమ్మి ఆ అమ్మాయి ఫొటో ఇస్తుంది, యాప్ మొహం చూసి కాదు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది. ఇలాంటి సమాచారం తీసుకునేటప్పుడు దేనికో చెప్పి సమ్మతి తీసుకోవాలన్నది దాని మూలసూత్రం. ‘నేను చిన్న షాపుదాన్ని’ అనేది అన్నివేళలా సాకు కాలేదు.

అసలు ఫొటో ఎందుకు? మీ టైలర్ మాస్టారి పుస్తకంలో ఎత్తు, ఛాతీ, నడుము, తుంటి, భుజం కొలతలు ఉన్నాయి. పైన చెప్పిన మేక్‌హ్యూమన్‌లో అవి పెట్టండి. మొహం అక్కర్లేదు, ఫైలుకు ఆమె పేరూ పెట్టకండి, ఆర్డరు నంబరు చాలు. ఆ ఫైళ్లు ఉన్న పెన్‌డ్రైవ్‌ను ప్రింటింగ్ షాపులో గుచ్చి, వెనక్కి వచ్చాక మళ్లీ మీ కంప్యూటర్‌లో గుచ్చే అలవాటు కూడా మానండి. ప్రింటుకు పీడీఎఫ్ పంపితే సరిపోతుంది.

ప్రశ్న: మోడల్ మీద గీస్తే బొమ్మ పొట్టిగా ఉందని మేడమ్ కొట్టేస్తున్నారు. మోడల్‌లో లోపమా? (అరండల్‌పేట, గుంటూరు)

లోపం లేదు. మామూలు మనిషి ఎత్తు ఏడున్నర తలల కొలత, ఫ్యాషన్ స్కెచ్‌లో తొమ్మిది తలలు. మోడల్ మనిషిలా ఉంది, మీ మేడమ్ అడిగేది స్కెచ్. అదనపు ఎత్తును ఎక్కువగా కాళ్లలో, అందులోనూ మోకాలి కింద కలపండి. మొత్తం బొమ్మను నిలువునా సాగదీస్తే తల గుమ్మడికాయ పోయి సొరకాయ అవుతుంది. ఇంకో కారణం కెమెరా. బ్లెండర్ కెమెరా లెన్సు మొదట 50 మిల్లీమీటర్లకు అమరి ఉంటుంది. దాన్ని 85 లేదా 100కు మార్చి, కెమెరాను వెనక్కి జరపండి, దగ్గరగా ఉన్న భాగాలు ఉబ్బడం తగ్గుతుంది. సాగదీసిన మోడల్ నుంచి మాత్రం కుట్టుకు కొలతలు తీయకండి. అలా కుట్టిన లంగా ఎవరికీ పట్టదు.

ప్రశ్న: ఈ పనికి ఏ లాప్‌టాప్ కొనాలి? ఇప్పుడున్నది వేసవిలో కాలిపోతోంది. (పటమట, విజయవాడ)

కంపెనీ పేరు చెప్పను. పలచగా, అందంగా ఉందని కొనే లాప్‌టాప్‌లు మే నెల బెజవాడలో త్రీడీ పనికి పనికిరావు. వేడి బయటికి పోయే చోటు లేక తమ వేగం తామే తగ్గించుకుంటాయి. కాస్త మందంగా, ఫ్యాన్ గాలి పక్కలకు వదిలేది, 16 జీబీ మెమరీ ఉన్నది చూసుకోండి. అయితే కొనేముందు ఒకటి ఆలోచించండి. స్కెచ్ కింద పెట్టుకోవడానికి మోడల్‌ను రెండర్ చేయడం, అంటే వెలుగునీడలతో పూర్తి చిత్రంగా తీయించడం అక్కర్లేదు. తెర మీద కనిపించే మోడల్‌ను స్క్రీన్‌షాట్ తీసుకుని గీస్తే చాలు, దానికి మీ పాత లాప్‌టాప్ కూడా సరిపోవచ్చు. ఒకసారి లోపలి దుమ్ము దులిపించి, పరుపు మీద కాకుండా బల్ల మీద పెట్టి చూడండి.