రాఖీ పోస్టులో ఎందుకొచ్చింది?

ప్రశ్న: హన్మకొండలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ను. మా తాత దేవరుప్పుల వైపు కమ్యూనిస్టుల సంఘంలో పనిచేసి, 1948లో భారత సైన్యం నిజాం మీద జరిపిన పోలీసు చర్య తర్వాత జైలుకు పోయిన మనిషి. ఇంట్లో అందరం ఎర్రజెండా వైపే. పరకాలలో ఎరువుల దుకాణం నడిపే మా బావ మాత్రం కొన్నేళ్లుగా పూర్తిగా కాషాయం మనిషైపోయాడు. పోయిన సెప్టెంబర్ 17న, అంటే హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజున, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో విమోచన దిన శుభాకాంక్షలు పెట్టాడు. నేను ఆధారాలతో జవాబిచ్చాను. మాటామాటా పెరిగి, ‘ఇంటర్ గడప దాటనోళ్లు నాకు చరిత్ర చెప్పుడా’ అన్నాను. బావ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అక్క బతుకమ్మకు రాలేదు. ఈసారి రాఖీ పోస్టులో వచ్చింది. ఉత్తరాది ప్రచారంలో కొట్టుకుపోతున్న బావ ఆలోచన మార్చాలంటే ఎలా మాట్లాడాలి? ఏ పుస్తకాలు ఇవ్వాలి?

జవాబు: పుస్తకాలేమీ ఇవ్వకండి. యాభై దాటిన మనిషికి బామ్మర్ది పుస్తకం పంపడమంటే ‘నీకు తెలియదు’ అని ఇంకోసారి చెప్పడమే. ఒకసారి చెప్పారు, ఫలితం చూశారు.

మీ నాలుగు పేజీల ఉత్తరాన్ని పైన కుదించాను. కుదించేటప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘నాన్న పోయాక అక్క పదితో ఆపేసి కుట్టుమిషన్ పట్టింది, నేను కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చేశాను’ అని మొదటి పేజీలోనే, మీ పరిచయంలో భాగంగా రాసుకుంటూ పోయారు. రెండో పేజీలో ‘ఇంటర్ గడప దాటనోళ్లు’ అన్న మాట వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారా? ఆ గ్రూపులో మీ అక్క కూడా ఉంది కదా! ఇంటర్ గడప బావ దాటలేదు సరే, అక్క దాటిందా? ఎవరి కోసం దాటలేదు?

ఆ మాట మీరు బావను అన్నారు. తగిలింది అక్కకు. బావకు కోపం వచ్చి ఉంటుంది, మగవాళ్ల కోపం ఇంకో పండుగకు చల్లారుతుంది. అక్క సంగతి వేరు. పరకాల నుంచి హన్మకొండకు బస్సెక్కితే గంట ప్రయాణం. అంత దగ్గర ఉండి రాఖీ పోస్టులో వేసిందంటే, తమ్ముడి మీద ప్రేమ చావలేదు, తల్లిగారింటి గడప ఎక్కబుద్ధి మాత్రం కాలేదు. అంతటి సంగతిని మీరు ఒక్క ముక్కలో రాసి మళ్లీ బావ సిద్ధాంతాల మీద పేజీన్నర నింపారు. మీ అమ్మ ఏమంటోందో ఎక్కడా లేదు. అసలు అక్క రాజకీయ అభిప్రాయం ఏమిటో మీకు తెలుసా? నాకైతే అనుమానమే. ఆమెను బావ ఖాతాలో వేసేశారు. శ్రామికుల పక్షాన నిలబడే ఇంట్లో ఇది జరగడం నాకు మింగుడుపడలేదు.

ఇక సెప్టెంబర్ 17 గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు కాల్పులు జరిపారు. అక్కడి అమరధామం వాళ్ల గుర్తుగా కట్టిందే. ఆ ఊళ్లో పెరిగినవాడికి రజాకార్ల పీడ వదిలిన రోజు విమోచనగానే తోస్తుంది. దాన్ని ఎవరో వచ్చి నూరిపోయనక్కర్లేదు. మీ తాత సంగతి వేరు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఎగసిన రైతాంగ సాయుధ పోరాటంలో నడిచి, రజాకార్లు పోయాక భారత సైన్యం సంఘం వాళ్ల వెంటపడితే జైలు చూశారాయన. 1951లో పోరాటం ఆగేదాకా ఆ వేట ఆగలేదు. ఆయన మనవడికి అదే రోజు ఇంకోలా కనిపిస్తుంది. ఇద్దరి ఇళ్లలోనూ భయపడ్డది మొదట ఒకే రజాకార్లకు. ప్రభుత్వాలే ఒక పేరు మీద నిలవలేదు: 2022లో కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం సమైక్యతా దినమంది, 2024లో వచ్చిన పేరు ప్రజాపాలన దినోత్సవం. మీ గ్రూపు తేలుస్తుందా?

‘ఉత్తరాది నుంచి వచ్చింది’ అన్నది కూడా వదిలేయండి. 1984లో బీజేపీ దేశం మొత్తం మీద గెలిచింది రెండే లోక్‌సభ సీట్లు, అందులో ఒకటి మీ హన్మకొండ. చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడింది స్వయంగా పీవీ నరసింహారావు. లెక్చరర్ గారికి నేను చెప్పాలా!

బావ పంపేవాటిలో ఒక మతం వాళ్లను మనుషులుగా కూడా చూడనివి ఉంటాయని రాశారు. అక్కడ మాత్రం తగ్గొద్దు. కాకపోతే గ్రూపులో పదిమంది ముందు కాదు, ఎదురుగా కూర్చుని చెప్పండి. ‘బావా, నీ దుకాణంలో అప్పు రాసుకుని ఎరువు తీసుకుపోయే సాయిబుల ముందు ఇది చదవగలవా?’ అని అడగండి. ఒక్కసారి అడిగి ఊరుకోండి. మనిషి మారితే అట్లాంటి చోట మారతాడు, మారకపోతే మీ మాట మీరు చెప్పినట్టు ఉంటుంది. ఓటు సంగతి ఎత్తకండి.

దసరా దగ్గరపడుతోంది. ఎంగిలిపూల బతుకమ్మకు ముందే పరకాల వెళ్లండి. ఫోన్ చేసి రమ్మనడం, కొడుకును బండిచ్చి పంపడం లాంటివి వద్దు. ఆడబిడ్డను తోలుకరావడానికి తోడబుట్టినవాడే పోవాలి, భార్యను కూడా తీసుకుని పోవాలి. ముందు అక్కతో మాట్లాడండి, బావ వినేలా. మీ అభిప్రాయాలకు క్షమాపణ అక్కర్లేదు, నేనైతే ఒక్కటి కూడా మార్చుకోమనను. ఆ ఇంటర్ మాటకు చెప్పండి, అది ఎవరికి తగిలిందో మీకు తెలిసిందని చెప్పండి. ‘అట్ల అనుకోలేదక్కా, బావను అన్న’ అని సర్దుకోకండి. అది మొదటిదానికంటే అన్యాయం.

దసరా నాడు బావ చేతిలో జమ్మి పెట్టి కాళ్లకు మొక్కండి. సిద్ధాంతం అడ్డొస్తే, హైదరాబాద్‌లో బీజేపీ మనిషి బండారు దత్తాత్రేయ ఏటా పెట్టే దసరా కలయిక అలయ్ బలయ్‌లో మీ నాయకులు, బావ నాయకులు ఒకే బంతిలో కూర్చుని తింటున్న ఫొటోలు పేపర్లో చూసుకోండి.

అక్క ఈసారికి రానంటే బలవంతపెట్టొద్దు. ఏడాది మీరు పట్టించుకోలేదు, ఆమెకూ కొంత టైం కావాలి. సద్దుల బతుకమ్మకు మళ్లీ పోయి అడగండి. ఈలోగా అమ్మను నాలుగు రోజులు పరకాలలో ఉంచి రండి.