ఆ నావెల్ రాసినాయనను కలవనీకి పోతున్నవు కదా

తమ్ముడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివిన. నీకు నిద్ర లేకుండ చేసిన ఆ నావెల్ రాసినాయన డిసెంబర్ల హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు వస్తున్నడని, కలిస్తే ఏం మాట్లాడాలె, నీ రాతప్రతి చేతిల పెట్టొచ్చా అని అడిగినవ్. రాతప్రతి సంగతి ముందు చెప్త. ఇయ్యకు. నేను ఇచ్చి చూసిన కాబట్టి చెప్తున్న.

1991 అది. నాకు ఇరవై రెండేండ్లు, పోచంపల్లి నుంచి ఆర్టీసీ బస్సెక్కి ఒక పెద్ద రచయితను కలవనీకి నల్లకుంటకు పోయిన. పేరు చెప్పను, ఆయన ఇప్పుడు లేడు. సంకల లాంగ్ నోట్‌బుక్కులు మూడు, నా మొదటి నావెల్. బస్సుల చెదిరిపోతయని మా అమ్మ ఎర్రరంగు అద్దిన పట్టుదారం ముక్కతోని కట్టి ముడేసింది. ఆయన మేడ మీద పోర్షన్ల ఉంటడు, లుంగీ కట్టుకొని పెసరపప్పుల రాళ్ళు ఏరుతున్నడు. నేనేమో ఆయన పుస్తకంల హీరో లెక్క ఉంటడనుకొని పోయిన. అక్కడ్నే సగం నీరుగారిపోయిన, నిజం చెప్పాలంటే.

బస్సుల బట్టీ పట్టిన పొగడ్తలన్నీ చదివిన. ఆయన పప్పు ఏరుకుంట "ఊఁ, ఊఁ" అన్నడు. పొగడ్త అయిపోయినంక నా దగ్గర ఇంకేం లేదు. అప్పుడు ఆయనే అడిగిండు, "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని. ఆసు పోస్తదండి అన్న. "ఆసు అంటే?" అన్నడు. చెక్క మీద అర్ధచంద్రం లెక్క మేకులుంటయి, ఇవతల ఒకటి ఉంటది, దారం పట్టుకొని చెయ్యి అటూ ఇటూ ఆడించుకుంట ఒక్కో మేకుకు చుట్టాలె, అట్ల పోసినంకనే చిటికి కట్టి, అంటే రంగు అంటొద్దన్న కాడ దారాన్ని బిగించి కట్టి, రంగులద్దుతరు అని చెప్పిన. "ఒక చీరకి ఎన్నిసార్లు చెయ్యి ఆడిస్తారు?" అన్నడు. తెల్వదు. "భుజం ఎటువైపు నొస్తుంది?" తెల్వదు. పుట్టినప్పటి సంది చూస్తున్న పని! ఆయన ఇంకేం అనలే. నోట్‌బుక్కులు కిటికీల పెట్టి "తీరిక చూసుకుని చదువుతాను" అన్నడు.

ఆరు నెలలకు పోస్టుల వాపస్ వచ్చినయి. చిట్టీ గూడ లేదు. దారం అదే, ముడి అదే. మా అమ్మ వేసిన ముడి నేను గుర్తుపట్టనా? విప్పనే విప్పలె. రెండేండ్లు ఆయన పేరెత్తితే మండిపోయేది నాకు, సభలల్ల కనిపిస్తే పక్కకు తిరిగిపోయేటోన్ని. ఇప్పుడు నా దగ్గరికి నెలకు నాలుగైదు రాతప్రతులు వస్తుంటయి, టేబుల్ కింద అట్టడబ్బాల ఉన్నయి, అండ్ల కొన్ని నేను గూడ విప్పలే. అందుకే ఆయన మీద కోపం పోయింది అనను, కొంచెం తగ్గింది.

గానీ ఆయన దగ్గర్నుంచి వచ్చిన తెల్లారే అమ్మ పక్కన కూసొని లెక్కపెట్టిన. నూరుసార్లకు ఒక చింతగింజ పక్కకు పెట్టుకుంట పోయిన. నాలుగున్నర గంటలు పట్టింది, తొంభై గింజలు అయినయి. అంటే ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు. రోజుకు రెండు చీరలు పోసేది మా అమ్మ. నొచ్చేది కుడిభుజం, రాత్రి ఆ పక్కకు ఒరిగి పండుకునేది కాదు, అది గూడ ఆ రోజే చూసిన. అప్పటికి ఆసు మిషన్ రాలె. చింతకింది మల్లేశం ఉన్నడు చూడు, మా దిక్కాయననే, వాళ్ళమ్మ నొప్పి చూడలేక ఏండ్లు తిప్పలపడి 1999ల మిషన్ చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. నేను మిషన్ చేయలేదు, ఒక కథ రాసిన. అచ్చయిన మొదటి కథ అదే. ఆ మూడు నోట్‌బుక్కులల్ల ఏముండెనో అంటవా, బొంబాయిల ఒక పెయింటర్ ప్రేమ. బొంబాయి నేను చూసింది లేదు.

సరే, నీ ముచ్చటకొస్త. ఆదివారం సాయంత్రం పోకు, ఎన్టీఆర్ స్టేడియంల ఇసుకేస్తే రాలదు, ఆయన సంతకాలు పెట్టుకుంట పేర్ల స్పెల్లింగులు అడుగుతుంటడు, అంతే. మామూలు రోజు, గేట్లు తెరిచిన కొత్తల పో. పోయేముందు నావెల్ ఇంకోసారి చదువు, ఈసారి కథ కోసం కాదు, ఎక్కడ నీకు గొంతు పట్టుకున్నదో ఆ పేజీ కోసం. ఆ ఒక్క పేజీ గురించే అడుగు. ముందెట్ల రాసిండు, ఏం కొట్టేసిండు, ఎన్నిసార్లు మార్చిండు. "మీ ఇన్‌స్పిరేషన్ ఏంటి సార్" అని మాత్రం అడగకు, దానికి అందరికీ ఒకటే క్యాసెట్ ఉంటది.

ఆయన బతుకుదెరువు గురించి గూడ అడుగు. రావిశాస్త్రి విశాఖల ప్లీడరు, కేశవరెడ్డి డిచ్‌పల్లి దవాఖానల కుష్ఠురోగులకు డాక్టర్. వాళ్ళ నావెల్స్ ల మనుషులు ఎక్కడి నుంచి వచ్చిన్రో ఇంక వేరే చెప్పాల్నా? ఈయన బ్యాంకుల చేసిండని విన్నవంటివి కదా, అప్పు కోసం వచ్చినోళ్ళు కౌంటర్ ముందు ఎట్ల నిలబడేటోళ్ళో అడిగి చూడు, గంట మాట్లాడతడు.

ఫ్రీ కాపీ అడగకు, పుస్తకం కొను. తెలుగుల చాలామంది సొంత పైసలు పెట్టి ఐదొందలో వెయ్యో కాపీలు వేసుకుంటరు, అమ్ముడుపోనివి మంచం కింద ఉంటయి. సంతకం మాత్రం నీ నలిగిన కాపీ మీదనే తీసుకో, అది చూస్తే ఆయనకు ఎంత సంబురమో నాకు తెలుసు. సెల్ఫీ ఆఖర్న. ఆయన ముభావంగ ఉంటే ఫీల్ కాకు, షుగర్ పేషెంట్ అయి తిండి టైమ్ దాటి ఉండొచ్చు.

రాతప్రతి నాకే పంపు, డబ్బాల వెయ్యను, సంక్రాంతి దాటినంక చదువుత. పోయినసారి పంపిన మూడు చాప్టర్లయితే చదివిన. అంతా బెంగళూరు ఆఫీసు, లిఫ్టు, కాఫీ మిషన్. మీ నాయిన బోర్‌వెల్ బండి మీద ఇరవై ఏండ్ల సంది పోతున్నడు అన్నవ్ గదా ఫోన్ల. ఒక్కో రాడ్డు ఎన్ని ఫీట్లుంటది, రాయి తగిలినంక లేసే దుమ్ము ఏం రంగుంటది, నీళ్ళు పడకపోతే ఆ రైతు బండోళ్ళకు అన్నం పెడతడా పెట్టడా? నాకు తెల్వది, మీ నాయినను అడిగి రాయి.

మీ అన్న