సెంట్రల్ ఏసీని 18 డిగ్రీలకు తగ్గిస్తే గదులు త్వరగా చల్లబడతాయా?

చల్లబడవు, 24 పెట్టినా 18 పెట్టినా, వేడెక్కిన గది 24 డిగ్రీలకు దిగడానికి పట్టే సమయం దాదాపు ఒక్కటే. మనం పెట్టే అంకె చల్లదనం ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప, ఎంత వేగంగా రావాలో చెప్పదు. గది బాగా వేడిగా ఉన్నంతసేపూ, ఏ అంకె పెట్టినా, గదిలోని గాలిని చల్లబరిచే చన్నీటిని పంపే వాల్వు పూర్తిగా తెరుచుకొనే ఉంటుంది.

ఉదాహరణకు, మే నెలలో నల్లగొండలో ఎండ 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఒక ఆసుపత్రిలోని అన్ని అంతస్తులనూ ఒకేసారి 18కి మార్చారనుకుందాం. వాల్వులన్నీ తెరుచుకొనే ఉండడంతో, చిల్లర్ (ఆ నీటిని చల్లబరిచే యంత్రం) అందించగల చల్లని నీరు అన్నిటికీ చాలక, ఎండకు కాగే పై అంతస్తు గదులు 24కు కూడా దిగకపోవచ్చు. కింది గదుల్లో మాత్రం రోగులు దుప్పట్లు అడుగుతారు. కరెంటు ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు.

ఫ్యాను రెగ్యులేటరు తిప్పితే వేగం మారుతుంది కనుక ఇదీ అలాంటిదేనని చాలామంది పొరబడతారు. ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్ వేగం మారే మాట నిజమే గాని, గది అంత వేడిగా ఉన్నప్పుడు 24 సెట్టింగులోనూ అది దాదాపు పూర్తి వేగంతోనే తిరుగుతుంది.