మగ్గం ఉన్న ఇంట్లో మానసిక వ్యాధి

వైకల్యమైనా మానసిక వ్యాధైనా శరీరానికీ మెదడుకూ సంబంధించినవి కదా, అలాంటివారిని సమాజం చూసే తీరును ఆర్థిక వ్యవస్థ ఎలా నిర్ణయిస్తుందని మీరు అడిగారు. దీనికి సమాధానం మా అమ్మమ్మగారి ఇంటి నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే నాకు ఈ సంగతి మొదట అర్థమైంది అక్కడే.

మా అమ్మమ్మగారిది చీరాల దగ్గర చేనేత కుటుంబం. ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఉండేవి. మా చిన్న మేనమామకు ఇరవై రెండో ఏట స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి మొదలైంది. ఆ పేరు చాలా ఏళ్ల తర్వాత గానీ మాకు తెలియలేదు. ఆయన మగ్గం మీద కూర్చోలేకపోయేవాడు గానీ రాట్నం ముందు కూర్చుని కండెలు, అంటే నేతకు కావలసిన నూలు చుట్టిన చిన్న గొట్టాలు, చుట్టేవాడు. నూలు తెగితే, ఆ తెగిన పోగును వేళ్ల మధ్య పట్టుకుని అరగంటైనా అలాగే ఉండిపోయేవాడు. అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి ముడివేసి, “తిప్పు నాయనా” అని వెళ్లేది. కొన్ని రోజులు ఆయన చుట్టిన కండెలతోనే రెండు మగ్గాలూ నడిచేవి, కొన్ని రోజులు ఒక్కటీ చుట్టేవాడు కాదు, అప్పుడు పెద్దత్తయ్య రాట్నం ముందు కూర్చునేది. నూలు ఇచ్చి నేయించుకునే వ్యాపారి, అంటే మాస్టర్ వీవర్, మజూరీ ఇచ్చేది నేసిన చీరకే. అందులో ఎవరి వంతు ఎంతో విడదీసి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

పాతకాలమే బాగుందని నేను చెప్పడం లేదు. ఆయనకు సరైన మందులు అందక పదేళ్లు గడిచిపోయాయి, ఆయన్ని చూసుకునే చాకిరీ అంతా అమ్మమ్మ మీదా అత్తయ్య మీదా పడింది, ఆ శ్రమకు మజూరీ లేదు. చికిత్స అందక, ఇంట్లో చూసుకునే దిక్కులేక కుటుంబాలు తమవారిని వదిలి వెళ్లిన చోట ఏం జరిగిందో తమిళనాడులోని ఎర్వాడి చెబుతుంది: 2001 ఆగస్టు 6న అక్కడి ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన కారణంగా తప్పించుకోలేక 28 మంది చనిపోయారు.

2003లో మా పెద్ద మామయ్య మగ్గాలు తీసేసి గుంటూరు వచ్చి స్పిన్నింగు మిల్లులో చేరాడు. అత్తయ్య మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది; అక్కడ కూలి కిలోల లెక్కన. చిన్న మామయ్యను కూడా తీసుకువెళ్లింది. మూడో రోజున మేస్త్రి, “ఈయన చోటులో ఇంకొకరు కూర్చుంటే నాలుగు రెట్లు పని అవుతుందమ్మా” అని నెమ్మదిగానే చెప్పి పంపేశాడు. ఆయన్ని నేను తప్పుపట్టలేను, ఆయనకూ పైనుంచి లెక్క అడిగేవారున్నారు. అయితే ఒక విషయం గమనించండి: మగ్గం మీద కూడా కూలి పనిని బట్టే వచ్చేది, అదీ మార్కెట్టే. తేడా ఎక్కడంటే, అక్కడ కూలి ఇంటికంతటికీ కలిపి వచ్చేది, ఇక్కడ ఒక్కొక్క మనిషికి విడివిడిగా తూకం వేశారు. వ్యాధి లక్షణాలు ముందు ఎంతున్నాయో అంతే ఉన్నాయి, పైగా అప్పటికి మాత్రలు కూడా వాడుతున్నాడు. అయినా అద్దె గదిలో ఆయన ‘పనికిరానివాడు’ అయ్యింది ఆ ఏడాదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర ఆగ్రాతో సహా తొమ్మిది దేశాల కేంద్రాల్లో మొదలుపెట్టిన అధ్యయనంలో, పేద దేశాల్లో స్కిజోఫ్రీనియా రోగులు కొంత మెరుగ్గా కోలుకున్నట్టు కనిపించింది. కారణాలపై పరిశోధకుల మధ్య ఇప్పటికీ వాదం నడుస్తూనే ఉంది. పొలంలోనూ ఇంటిపట్టునా చేసే పనుల్లో అలాంటి మనిషికి చోటు దొరకడం ఒక కారణమని కొందరు అన్నారు. మా ఇంటిని చూసిన నాకు అది నమ్మదగిన మాటే.

ఇక ప్రభుత్వం పాత్ర. పింఛను రావాలంటే సదరం సర్టిఫికెట్టులో, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. మానసిక వ్యాధి విషయంలో ఆ శాతాన్ని ఐడియాస్ అనే కొలమానంతో తేలుస్తారు. తన పనులు తాను చేసుకోవడం, ఇతరులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం అనే నాలుగింటికి మార్కులు వేసి, వ్యాధి ఎంతకాలంగా ఉందో దానికి కలుపుతారు. అంటే మనిషి కొంత పని చేయగలిగితే శాతం తగ్గుతుంది, శాతం తగ్గితే పింఛను పోవచ్చు. ధ్రువపత్రాల పునఃపరిశీలనకు పిలిచినప్పుడు మామయ్యతో మా అమ్మ వెళ్లింది. ‘ఏమైనా పని చేస్తాడా’ అని డాక్టరుగారు అడిగితే, తమ్ముడి చేతి కండెల గురించి ఊరంతా చెప్పుకున్న మా అమ్మ, “ఏమీ చేయలేడు సార్” అంది. పక్కనే కూర్చున్న మామయ్య, “కండెలు చుడతాను” అన్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మ ఏడ్చింది.

పింఛను వస్తోంది, అది మాకు నిజంగా పెద్ద ఆసరా. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016. కేంద్రం వాటాగా ఇచ్చేది 300 రూపాయలే, అదీ పేద కుటుంబాల్లో 80 శాతం వైకల్యం ఉన్నవారికే. ఆదాయపు పన్ను పాత విధానంలో మాత్రం, వైకల్యం ఉన్నవారిని పోషించేవారికి 75,000 రూపాయలు, తీవ్ర వైకల్యమైతే 1,25,000 రూపాయలు ఆదాయం నుంచి మినహాయిస్తారు. పన్ను కట్టేంత సంపాదనే లేని మా పెద్ద మామయ్యకు ఆ మినహాయింపు ఎన్నడూ అక్కరకు రాలేదు. ఉద్యోగాల సంగతీ ఇంతే. 1995 నాటి వికలాంగుల చట్టం మానసిక వ్యాధిని వైకల్యంగా గుర్తించింది గానీ 3 శాతం రిజర్వేషన్‌లో చోటివ్వలేదు. 2016 చట్టం 4 శాతంలో చేర్చింది, అయితే అది ప్రభుత్వ ఉద్యోగాలకే. మిల్లులూ యార్డులూ దాని పరిధిలోకి రావు.

ఇదంతా పెట్టుబడిదారీ వ్యవస్థ తప్పేనా అని మీరు అడగవచ్చు. సోవియట్ యూనియన్ కూడా 1932 నుంచి వికలాంగులను, పని చేసే శక్తి ఎంత పోయిందన్న లెక్కతోనే మూడు తరగతులుగా విభజించింది. కాబట్టి యాజమాన్యం ఎవరిదన్నది ఒక్కటే చూస్తే సరిపోదని నా అభిప్రాయం. పనిని ఎలా పంచుతారు, కూలిని ఎవరి పేరున లెక్కకడతారు అన్నది కూడా చూడాలి. ఇటలీలోని ట్రియెస్టె నగరంలో మానసిక వైద్యశాలలో రోగుల చేత చికిత్స పేరుతో జీతం లేకుండా ఊడ్చే పనులూ కడిగే పనులూ చేయించేవారు. 1970ల తొలినాళ్లలో వారే సహకార సంఘంగా ఏర్పడి, అదే పనికి ఒప్పందం ప్రకారం వేతనం తీసుకోవడం మొదలుపెట్టారు. 1978లో ఆ దేశం మానసిక వైద్యశాలల మూసివేతకు చట్టం చేసింది. 1991లో చేసిన చట్టం ప్రకారం ఇలాంటి ఒక రకం సంఘాల్లో కనీసం 30 శాతం మంది, మానసిక వ్యాధి ఉన్నవారితో సహా బయట పని దొరకని వర్గాలవారు ఉండాలి.

చీరాల ప్రాంతంలో చేనేత సహకార సంఘాలు మనకు కొత్తవి కావు, కండెలు చుట్టే పనీ ఇంకా పూర్తిగా పోలేదు. అలాంటి సంఘం ఒకటి మామయ్యను సభ్యుడిగా చేర్చుకుని, చుట్టిన రోజున చుట్టినన్ని కండెలకు కూలి ఇచ్చి, ఆ కారణంగా పింఛను ఆగదని ప్రభుత్వం రాతపూర్వకంగా చెబితే, మా అమ్మ ఆ డాక్టరుగారి ముందు ఉన్నదున్నట్టు చెప్పగలిగేది.